తుపాకి మీది దూరదర్శిని

ఇనుప గురికట్టు గల రైఫిలును భుజమునకు ఆనించి గురిచూచువాడు ఒకే క్షణమున మూడు వస్తువులను స్పష్టముగా చూడవలసియుండును: కంటికి చేరువనున్న వెనుక కోత, గొట్టము కొనయందలి గురిమొన, వాని కావల నూరు గజముల దూరమున నిలిచిన లక్ష్యము. మానవనేత్రములోని కటకము ఎంత సున్నితమైనదైనను ఒక సమయమున ఒక్క దూరమునకు మాత్రమే తన వంపును సవరించుకొనగలదు గనుక, ఆ మూడింటిలో ఒకటి తేటపడినచో తక్కిన రెండును మసకబారును. యౌవనమున కన్ను ఒక దూరమునుండి మఱియొక దూరమునకు వడివడిగా మారుచు ఈ లోపమును కప్పిపుచ్చుకొనును గాని, నలుబది యేండ్లు దాటిన పిదప ఆ చురుకుదనము సన్నగిల్లును. స్కోపు అని నేడు లోకమున వ్యవహరింపబడు చిన్న దూరదర్శిని తుపాకికి చేయు మొదటి ఉపకారము, వస్తువును పెద్దదిగా చూపుట కాదు. లక్ష్యమును గురిరేఖలను ఒకే తలమునకు తెచ్చి, కంటికి మూడు పనులకు బదులుగా ఒక్క పనిని మిగుల్చుట. ఈ సంగతి నెఱిగిన కొనుగోలుదారు పెట్టెపై ముద్రించిన పెద్ద అంకెలకు అంత సులభముగా లొంగడు.

ఆ ఉపకారము గెలీలియో దూరదర్శినితో సాధ్యమయ్యెడిది కాదు. 1609లో ఆయన ఆకాశమునకు ఎత్తిన గొట్టమున అక్షికటకము పుటాకారము. కిరణములు ఒకచోట కూడుకొని నిజప్రతిబింబమును ఏర్పరచుటకు ముందే అది వానిని అడ్డగించును గనుక, గురిగుర్తును నిలుపుటకు అందులో స్థానమే లేదు. 1611లో కెప్లరు రెండు కుంభాకార కటకములతో మఱియొక అమరికను వర్ణించెను. ఇందులో దృశ్యము తలక్రిందులైనను, గొట్టము లోపల ఒక నిర్దిష్ట తలమున నిజప్రతిబింబము ఏర్పడును. 1640 ప్రాంతమున, యార్క్‌షైరుకు చెందిన విలియం గాస్కోయిన్ అను యువ ఖగోళజ్ఞుడు తన దూరదర్శినిలో సరిగా ఆ తలమున ఒక సాలీడు అల్లిన దారము దృశ్యముతో పాటు స్పష్టముగా కనబడుట చూచి, దాని అంతరార్థమును గ్రహించెను. 1644లో మార్స్టన్ మూర్ యుద్ధమున ఆ ప్రతిభావంతుడు మరణింపకున్నచో పరికరవిద్య ఇంకెంత ముందుకు సాగియుండెడిదో ఊహింపజాలము. నేటి స్కోపు గొట్టమున ఉన్నది కెప్లరు అమరికయే. తలక్రిందులైన దృశ్యమును నిలువుగా త్రిప్పుటకు నడుమ ఒక చిన్న లోగొట్టములో మఱికొన్ని కటకములు చేరినవి, సాలెదారమునకు బదులు సన్నని తీగయో గాజుపై చెక్కిన గీతయో వచ్చినది.

ఖగోళశాస్త్రమునకు చెందిన ఈ సాధనము వేటగాని చేతికి వచ్చుటకు రెండువందల ఏండ్లకు పైగా పట్టెను. న్యూయార్కు రాష్ట్రములోని సిరక్యూసు నగరమున విలియం మాల్కం 1855లో తుపాకి దూరదర్శినుల తయారీ ప్రారంభించెను. అవి తుపాకి గొట్టమంత పొడవుగానుండి, సున్నితములై, ధనవంతుల వస్తువులుగానే మిగిలెను. సామాన్యునకు స్కోపును అందించినవాడు బిల్ వీవర్. 1930లో ఆయన కెంటకీ రాష్ట్రములోని న్యూపోర్టున తయారుచేసిన చిన్న స్కోపు బిగింపుతో సహా 19 డాలర్లకే దొరకెను. దాని సంతతికి చెందినదానినే రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యము తన స్ప్రింగ్‌ఫీల్డు రైఫిళ్లపై అమర్చుకొనెను. చవకయైనది నమ్మదగినదిగాను ఉండవచ్చునని నిరూపించిన ఆ ఉదాహరణము ఈ విచారణకు ఎంతయు తగినది.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను దాదాపు పూర్తిగా నిషేధించినది గనుక, స్కోపు విలువను నిర్ణయించుటకు దాని వాడుక చట్టబద్ధమై, జనసామాన్యముగా నున్న చోటికి పోవలెను. పెన్సిల్వేనియా కొండలలోని మిశ్రమారణ్యము అట్టి చోటు. అచ్చట శరత్తు ముగిసి చలి ముదిరిన దినములలో, నారింజవర్ణపు చొక్కా తొడిగి, తెల్లతోక జింక కొఱకు చెట్టు మొదట కూర్చుండు కర్మాగారపు కార్మికుడో పాఠశాల ఉపాధ్యాయుడో మన కొనుగోలుదారు. అతని తుపాకి మధ్యరకపుది. అతడు కాల్చు దూరము సాధారణముగా నూరు గజములలోపు, ఎప్పుడైనను పొలము అంచున రెండువందల గజములు. చట్టము అతనికి సూర్యోదయమునకు అరగంట ముందునుండి సూర్యాస్తమయమునకు అరగంట తరువాత వఱకు అనుమతి నిచ్చును. జింక యైనచో సరిగా ఆ రెండు సంధ్యలలోనే అధికముగా సంచరించును. తగులవలసిన ప్రదేశము, హృదయమును ఊపిరితిత్తులును ఉన్న భాగము, సుమారు 20 సెంటీమీటర్ల వ్యాసము గల వృత్తము. ఆ వృత్తమునకు వెలుపల తగిలిన గుండు జంతువును చంపక చిత్రవధకు గురిచేయును గనుక, స్కోపు ఎంపికలో పొదుపు ఎంత ముఖ్యమో, పొదుపు ఎక్కడ చేయరాదో తెలియుటయు అంత ముఖ్యము.

మొదట ఆవర్ధనమును విచారింతము, ఏలయన విపణి అంతయు దీని చుట్టే తిరుగును. ఆరోగ్యమైన కన్ను సుమారు ఒక కళ, అనగా డిగ్రీలో 60వ భాగము, ఎడము గల రెండు బిందువులను వేఱువేఱుగా గుర్తింపగలదు. రెండువందల మీటర్ల దూరమున ఒక కళ 58 మిల్లీమీటర్లకు సమానము. నాలుగింతల ఆవర్ధనము గల స్కోపులో అది పదునాలుగు, పదునైదు మిల్లీమీటర్లకు తగ్గును. 20 సెంటీమీటర్ల వృత్తమున గుండును నిలుపుటకు ఒకటిన్నర సెంటీమీటరు సూక్ష్మత చాలదని ఎవరు అనగలరు? తొమ్మిదింతల ఆవర్ధనము ఆ సూక్ష్మతను ఆరున్నర మిల్లీమీటర్లకు తెచ్చును, నిజమే. కాని దానితో పాటు చేతివణకును, గుండెకొట్టుకొనుటవలన కలుగు కదలికను, వేడిగాలి తరంగములను కూడ అంతే పెంచి చూపును, దృశ్యక్షేత్రమును కుదించును. మూడునుండి తొమ్మిదింతల వఱకు మార్చదగిన సాధారణ స్కోపులో, నూరు గజముల దూరమున, కనిష్ఠావర్ధనము వద్ద 33 అడుగుల వెడల్పు కనబడగా గరిష్ఠము వద్ద 14 అడుగులు మాత్రమే కనబడును. పొదలనుండి హఠాత్తుగా వెలువడిన జింకను ఆ 14 అడుగులలో వెదకుకొనువాడు చాల తఱచుగా చెట్ల బెరడును మాత్రమే చూచును. ఇరువదిరెండింతలు, ఇరువదియైదింతలు అని బేరమునకు పిలుచు చవక స్కోపులు అడవివేటగానికి నిరుపయోగములని నేను నిస్సంకోచముగా చెప్పుదును. వానిలో ధనమంతయు ఒక అంకెకు ఖర్చై, గాజునకు యంత్రమునకు ఏమియు మిగులదు.

సంధ్యాకాంతి విషయము ఇంతకంటె ఆసక్తికరమైనది. వస్తుకటకపు వ్యాసమును ఆవర్ధనముచే భాగించినచో, అక్షికటకమునుండి వెలువడు కాంతిస్తంభపు వ్యాసము వచ్చును. దీనిని నిర్గమద్వారము అందము. 40 మిల్లీమీటర్ల స్కోపున నాలుగింతల వద్ద ఇది 10 మిల్లీమీటర్లు, ఆరింతల వద్ద దాదాపు 6.7, తొమ్మిదింతల వద్ద 4.4. ఇక కంటిపాప పగటి వెలుతురున రెండుమూడు మిల్లీమీటర్లకు మించదు; చీకటిలో పడుచువానికి ఏడు మిల్లీమీటర్లవఱకు విచ్చుకొనును గాని, ఏబదియవ పడిలో అయిదింటికి మించుట అరుదు. బిందెడు నీళ్లను ఇఱుకుమూతి చెంబులో ఒక్కసారి కుమ్మరించినచో మూతికి వెలుపల పడినదంతయు నేలపాలైనట్లు, పాపకంటె వెడల్పైన కాంతిస్తంభములో మిగులు భాగము పాప చుట్టునున్న కంటితెరపై పడి వ్యర్థమగును. కావున 40 మిల్లీమీటర్ల కటకమునకు బదులు 50 మిల్లీమీటర్లది కొన్నవాడు, ఆరింతలకు లోపు ఆవర్ధనమున దానిని వాడినంతకాలము, అదనపు వెలకు ప్రతిఫలముగా అదనపు బరువును మాత్రమే పొందును. పైగా పెద్ద కటకము గొట్టమునకు తగులకుండ ఉండుటకు స్కోపును ఎత్తుగా బిగింపవలసివచ్చును. అప్పుడు చెంప తుపాకి మడమను వదలి పైకి లేచును, గురి నిలుకడ చెడును. జర్మనీలో రాత్రివేళ మంచెలపై కూర్చుండి అడవిపందుల కొఱకు కాచుకొనువారు ఎనిమిదింతల ఆవర్ధనము, 56 మిల్లీమీటర్ల కటకము గల బరువైన స్కోపులను వాడుట సకారణమే, ఏలయన వారి లెక్క సరిగా ఏడు మిల్లీమీటర్లకు వచ్చును. ఆ లెక్క పెన్సిల్వేనియా కార్మికునిది కాదు. నేలపట్టు, పులికాటు తీరములలో పక్షులను చూడ బైనాక్యులర్సు కొనదలచిన మన పాఠకులకును ఈ భాగహారమే వర్తించును: ఎనిమిదింతలు, 42 మిల్లీమీటర్లు అను ప్రసిద్ధమైన జత అయిదు మిల్లీమీటర్లకు కొంచెము పైబడిన ద్వారము నిచ్చును.

అయితే గాజు వైశాల్యముకంటె గాజుపై పూసిన పూత సంధ్యలో ఎక్కువ పనిచేయునన్న సంగతి చాలమందికి తెలియదు. గాలినుండి గాజునకు, గాజునుండి గాలికి మారు ప్రతి తలము వద్ద నూటికి సుమారు నాలుగు పాళ్ల కాంతి పరావర్తనము చెంది వెనుకకు పోవును. ఎనిమిది కటకములున్న స్కోపులో అట్టి తలములు పదునాఱు. ఒక్కొక్కచోట నాలుగు పాళ్లు పోయినచో చివరకు కంటికి చేరునది 52 పాళ్లు మాత్రమే. పోయిన కాంతిలో కొంత గొట్టము లోపలనే అటునిటు తిరుగాడి దృశ్యముపై తెల్లని పొరవలె కప్పుకొని, జింక చర్మమునకు ఎండుటాకులకు నడుమనున్న స్వల్పమైన వర్ణభేదమును కూడ మాపివేయును. 1886లో లార్డ్ రేలీ, కాలక్రమమున మాసి రంగుమారిన పాత గాజు క్రొత్త గాజుకంటె ఎక్కువ కాంతిని ప్రసరింపజేయుచున్నదని కనుగొని ఆశ్చర్యపడెను. ఆ ఆశ్చర్యమునకు అడుగున తరంగవిజ్ఞానము దాగియున్నది. గాజుపై కాంతితరంగదైర్ఘ్యములో నాలుగవవంతు మందము గల పలుచని పొర ఉన్నచో, పొర పైతలమునుండి మఱలు తరంగమును, క్రిందితలమునుండి మఱలు తరంగమును ఒకదాని శిఖరము మఱియొకదాని లోయపై పడునట్లు కలిసి పరస్పరము నశించును. నశించిన పరావర్తనములోని శక్తి ప్రసారమునకు చేరును. 1935లో జెయిస్ సంస్థయందు అలెగ్జాండర్ స్మాకులా శూన్యపాత్రలో ఫ్లోరైడు ఆవిరిని గాజుపై ఇట్టి పొరగా నిలుపు విధానమును సాధించెను. జర్మనీ దానిని కొన్నేండ్లపాటు సైనికరహస్యముగా కాపాడెను. మెగ్నీషియం ఫ్లోరైడు పొర మందము సుమారు 100 నానోమీటర్లు. ఒక్క పొరతోనే తలమునకు నష్టము ఒకటిన్నర పాలుగా తగ్గి, పదునాఱు తలములు దాటిన కాంతి 78 పాళ్లకు పెరుగును. అనేక పొరలు పూసి నష్టమును అరపాలునకు దింపినచో అది 92 పాళ్లగును. యాభైరెండునుండి తొంబదిరెండునకు! వస్తుకటకమును ఎంత పెంచినను, కంటిపాప విధించు హద్దు వలన, అడవివేటగానికి ఇంత లాభము రాదు.

అందుచేత పెట్టెపై వ్రాసిన మాటలను వకీలు పత్రమును చదివినంత శ్రద్ధగా చదువవలెను. కేవలము 'కోటెడ్' అన్నచో ఏదో ఒక తలముపై ఒక పొర ఉన్నదని మాత్రమే అర్థము. 'ఫుల్లీ కోటెడ్' అన్నచో గాలి తగులు తలములన్నింటిపై ఒక్కొక్క పొర. 'మల్టీ కోటెడ్' అన్నచో కొన్నింటిపై పలు పొరలు. 'ఫుల్లీ మల్టీ కోటెడ్' అన్నచో అన్నింటిపై పలు పొరలు. చివరి మాట లేని స్కోపును నేడు కొనవలసిన అవసరము లేదు, ఏలయన మధ్యమ వెలలోనే అది దొరకుచున్నది. మాటను నమ్మలేనివాడు అంగడి దీపము క్రింద కటకమును వంచి చూచినచో చాలును: దీపపు ప్రతిబింబములు ఊదారంగుననో ఆకుపచ్చగానో మసకగా నున్నచో పూత ఉన్నది, తెల్లగా ధగధగలాడినచో అచ్చట వట్టి గాజే ఉన్నది.

పారలాక్సు సవరణ చక్రమునకు అదనముగా డబ్బు చెల్లింపవలెనా అను ప్రశ్నకు సమాధానము చిన్నది. లక్ష్యపు ప్రతిబింబము గురిరేఖల తలమున సరిగా పడనప్పుడు, కన్ను ప్రక్కకు జరిగినకొలది గురి జరిగినట్లు తోచుటయే ఈ దోషము. నూరు గజములకు స్థిరపఱచిన 40 మిల్లీమీటర్ల స్కోపులో, కన్ను నిర్గమద్వారపు చిట్టచివరి అంచుకు జరిగినను, రెండువందల గజముల వద్ద కలుగు గరిష్ఠదోషము 20 మిల్లీమీటర్లు, మూడువందల వద్ద 40. జింకవేటకు ఇది పరిగణింపదగినది కాదు. ఆ చక్రము దూరలక్ష్యముల పోటీలకు, బొరియలనుండి తల ఎత్తు చిన్న జంతువులపై చాల దూరమునుండి కాల్చువారికి వలయును. ముప్పది మిల్లీమీటర్ల గొట్టము అంగుళపు గొట్టముకంటె ఎక్కువ వెలుతురు నిచ్చునన్న వాడుకమాట కూడ నిజము కాదు. వెడల్పైన గొట్టము గురిని సవరించుకొను పరిధిని పెంచునే గాని వెలుతురును పెంచదు.

ఇట్లు మిగిల్చిన డబ్బును ఎచ్చట పెట్టవలెను? కంటికి కనబడని యంత్రభాగమునందు. దృశ్యమును నిలువు చేయు లోగొట్టము ఒక కొన కీలుపై నిలిచి, మఱియొక కొన రెండు మరల కొనలకును ఒక స్ప్రింగునకును నడుమ బిగిసి ఉండును. గురి సవరింపుటకు పైనను ప్రక్కనను ఉన్న టరెట్లను త్రిప్పినప్పుడు ఆ మరలు లోగొట్టమును నెట్టును. నూరు గజముల వద్ద ఒక్కొక్క క్లిక్కు గుండును కళలో నాలుగవవంతు, అనగా సుమారు ఏడు మిల్లీమీటర్లు, జరుపవలెను. తుపాకి ప్రేలిన ప్రతిసారి వెనుకదన్ను ఈ కట్టడమునంతటిని కుదుపును. స్ప్రింగు బలహీనమైనదైనను, మర ఇత్తడికి బదులు మెత్తని లోహముతో చేసినదైనను, లోగొట్టము తన పూర్వస్థానమునకు ఇసుమంత తప్పి చేరును. ఆ ఇసుమంత నూరు గజముల వద్ద అంగుళములగును. గాజు మధ్యస్థమైనను యంత్రము దృఢమైనచో వేటగాడు వెలుతురు చాలనప్పుడు కాల్చక ఊరకుండును, అంతే. గాజు దివ్యముగానుండి యంత్రము చెడ్డదైనచో అతడు జింకను ఎంతో స్పష్టముగా చూచి, గాయపఱచి, పోగొట్టుకొనును. ఈ రెండింటిలో ఏది ఘోరమో వేఱుగా చెప్పనక్కఱలేదు. నాకు అధికారమున్నచో ప్రతి అంగడిలోను స్కోపు ప్రక్కన దాని స్ప్రింగును మరను విప్పి చూపుమని శాసింతును. ఆవర్ధనము మారని నాలుగింతల, ఆరింతల స్కోపులు ఇప్పుడు ఫ్యాషను తప్పినను, వానిలో జారుటకు అరుగుటకు వీలైన భాగములు తక్కువ, కటకములు తక్కువ. కాబట్టి అదే వెలకు గాజును యంత్రమును రెండింటిని మెఱుగుగా ఇయ్యగలుగుచున్నవి.

తేమను గూర్చియు ఒక మాట. చలిలో తిరిగిన తుపాకిని వెచ్చని గదిలోనికి తెచ్చినప్పుడు కటకపు వెలుపల పట్టిన మంచు గుడ్డతో తుడిచినచో పోవును. లోపల పట్టినది పోదు. ఓరెగాన్ రాష్ట్రమున మార్కస్ లూపోల్డ్ తన స్కోపు లోపల మసక కమ్మి జింక తప్పిపోవుటచే విసుగుచెంది ఇంతకంటె మేలైనదానిని తానే చేయుదునని పట్టుబట్టెనని, 1947లో వారి సంస్థ స్కోపుల తయారీకి దిగుటకు అదియే కారణమని చెప్పుదురు. గొట్టములోని తేమగాలిని తొలగించి పొడి నత్రజనిని నింపి మూయు పద్ధతి ఆ పిమ్మట సర్వసామాన్యమైనది. ఇందులో నత్రజని మహిమకంటె రబ్బరు వలయముల బిగువే ముఖ్యము. వాయువు కారిపోయినచోట తేమ తప్పక చొచ్చును.

కన్ను అక్షికటకమునకు తగినంత దూరముననున్నను పూర్తి దృశ్యము కనబడవలెనన్న నియమము బలమైన తుపాకులకు ప్రాణసమానము. మూడున్నర, నాలుగు అంగుళముల ఎడము లేనిచో వెనుకదన్నుకు స్కోపు అంచు కనుబొమను అర్ధచంద్రాకారముగా కోయును. ఒకసారి దెబ్బతిన్నవాడు పిదప ప్రతి కాల్పునకు ముందే కన్ను మూసికొనును, అటువంటివానికి ఏ స్కోపును సాయపడదు. బట్టలు మందముగా తొడిగి, కూర్చున్న భంగిమలో, అంగడిలోనే తుపాకికెత్తి చూచుకొనుట మంచిది. దానితో పాటు గట్టిగా చెప్పవలసినది మఱియొకటి కలదు: స్కోపు చూచుటకు కాదు, కాల్చుటకు. పొదలో కదలినది జింకయో మనిషియో తేల్చుకొనుటకు స్కోపును ఎత్తువాడు తుపాకి గొట్టమును కూడ ఆ మనిషిపైకే ఎత్తుచున్నాడు. స్కోపునకు కేటాయించిన ధనములో కొంత మిగిల్చి ఒక సామాన్యమైన బైనాక్యులర్సు కొనుట అన్నింటికంటె లాభసాటి బేరము.

ఈ విచారణ అంతయు అమెరికా విపణిలో ఎచ్చటకు తెచ్చుననగా, 200నుండి 400 డాలర్ల నడుమ, మూడునుండి తొమ్మిదింతలు, 40 మిల్లీమీటర్లు, అంగుళపు గొట్టము, అన్ని తలములపై పలు పూతలు గల సాదా స్కోపు వద్దకు. జపాను, ఫిలిప్పీన్సు, చైనా, అమెరికా కర్మాగారములు ఈ తరగతిలో పోటీపడుచున్నవి. దేశమునుబట్టి కాక, మరమ్మతు పూచీనిబట్టి, ఆ పూచీ కాగితముపై ఎన్నాళ్లనుండి నిలబడుచున్నదనుదానినిబట్టి వానిని తూచవలెను. దీనికి దిగువ వెలలో ముందుగా తగ్గునది యంత్రము. ఎగువ వెలలో పెరుగునది అధికభాగము అంచులయందలి స్పష్టత, రంగుల శుద్ధి, సంధ్యలో మఱికొన్ని నిమిషములు. మొదటి నూరు డాలర్ల భేదము తెచ్చు మార్పును తరువాతి వేయి డాలర్లు తేజాలవు.

బిగించుట కొనుటలో భాగమే. మంచి స్కోపును నాసిరకపు రింగులలో బిగించి, గురి నిలువలేదని స్కోపును నిందించువారు అనేకులు. ఉక్కు రింగులు, జిడ్డు లేకుండ తుడిచిన మరలు, టార్కు రెంచి, ఇవి ఉన్నచో పని పూర్తియగును. పిదప మైదానమున నూరు గజముల వద్ద కాగితముపై ఒక గుండు కాల్చి, గురిచూచు చుక్కను మార్చక, ఇరువది క్లిక్కులు పైకి, ఇరువది కుడికి, ఇరువది క్రిందికి, ఇరువది ఎడమకు త్రిప్పుచు ప్రతి మలుపు వద్ద కాల్పవలెను. సుమారు 13 సెంటీమీటర్ల భుజము గల చదరము ఏర్పడి, చివరి గుండు మొదటి రంధ్రము చెంతకు చేరినచో యంత్రము సరియైనది. చేరనిచో, వాపసు గడువు ముగియకముందే దానిని అంగడికి తిరిగి పంపవలెను.